గాయాల కట్లలో సెల్యులోజ్

ప్రథమ చికిత్స పెట్టెలోని దూది, ఆపరేషన్ గదిలోని గాజు గుడ్డ, పడక పుండు మీద అంటించే మందపాటి జిగురు బిళ్ళ, కాలిన చర్మం మీద పరిచే పారదర్శకమైన తడి పొర, కాలేయం కోత మీద ఉంచితే కొద్ది రోజుల్లో ఒంట్లోనే కరిగిపోయే అల్లిక. చూడ్డానికి వేటికవే వేరుగా ఉన్నా వీటన్నిటికీ ముడిసరుకు ఒక్కటే, సెల్యులోజ్. మొక్కల కణాల గోడలు ప్రధానంగా దీనితోనే కట్టి ఉంటాయి. కొన్ని రకాల బ్యాక్టీరియా కూడా దీన్ని తయారు చేస్తాయి. దీన్ని ఉన్నదున్నట్టుగానో, రసాయనికంగా మార్చో, నానోమీటర్ల మందపు పోగులుగా విడదీసో గాయాల మీద వాడినప్పుడు ఆ సామగ్రిని సెల్యులోజ్ ఆధారిత జీవపదార్థాలు అంటారు.

వీటి చరిత్రలో పదార్థం కన్నా ఎక్కువగా మారింది, దాని నుంచి వైద్యులు కోరిన పని. ఒకప్పుడు కట్టు పని రసిని లాగేసి గాయాన్ని ఆరబెట్టడం. 1962 తర్వాత ఆ ఆలోచన తలకిందులైంది. గాయం ఎండిపోకూడదు, పక్కనున్న మంచి చర్మం నానిపోకూడదు, విప్పేటప్పుడు కట్టు కొత్త చర్మాన్ని పీక్కుని రాకూడదు. సెల్యులోజ్‌తో వచ్చిన ప్రతి కొత్త కట్టునూ ఈ మూడు కోరికల ముందు నిలబెట్టి చూడాలి.

పదార్థ స్వభావం

ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆన్సెల్మ్ పాయెన్ 1838లో మొక్కల కణజాలం నుంచి ఈ పదార్థాన్ని విడదీశాడు. ఇది గ్లూకోజ్ అణువుల పొడవాటి గొలుసు. గంజిలోని పిండిపదార్థం కూడా గ్లూకోజ్ గొలుసే. తేడా అంతా లంకెలో ఉంది. పిండిపదార్థంలోని ఆల్ఫా లంకెను మన జీర్ణరసాలు తెంచగలవు, సెల్యులోజ్‌లోని బీటా-1,4 లంకెను తెంచే ఎంజైము మనిషి శరీరంలో లేదు. ఈ లంకె వల్ల గొలుసు వంపు తిరగకుండా తిన్నగా సాగుతుంది. పక్కపక్క గొలుసులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని బిగువైన స్ఫటికాల్లా పేరుకుంటాయి. అందుకే సెల్యులోజ్ నీటిని ప్రేమిస్తుంది కానీ నీటిలో కరగదు. తడిసినా బలం కోల్పోదు, ఒంటికి తగిలితే విషం కాదు.

గొలుసులోని ప్రతి గ్లూకోజ్ మీదా మూడు హైడ్రాక్సిల్ గుంపులు ఉంటాయి. రసాయన శాస్త్రవేత్తకు పని చూపించేవి ఇవే. వీటి స్థానంలో వేరే గుంపుల్ని తగిలిస్తే అదే సెల్యులోజ్ ఒకచోట నీటిలో కరిగే జిగురు అవుతుంది, మరోచోట ఈథర్‌లో కరిగే పొర అవుతుంది, ఇంకోచోట ఒంట్లో కరిగిపోయే నార అవుతుంది. పత్తి పోగులో 90 శాతానికి పైగా సెల్యులోజే. కలపలో అది ఇంచుమించు సగం, మిగతా సగం లిగ్నిన్, హెమిసెల్యులోజ్. కాబట్టి కలప నుంచి వైద్యానికి పనికొచ్చే సరుకు తీయాలంటే శుద్ధి చాలా ఎక్కువ కావాలి.

దూది, గాజు

గాయానికి నార గుడ్డ కట్టడం చాలా పాత విద్య. సుశ్రుత సంహిత 14 రకాల కట్లను పేర్కొంటుంది. కట్టుకు వాడే గుడ్డల్లో క్షౌమం, అంటే అవిసె నార, కార్పాసం, అంటే నూలు, రెండూ ఉన్నాయి. హేమంత, శిశిర, వసంత రుతువుల్లో మూడో రోజుకూ, శరత్తులో, ఎండల్లో, వానల్లో రెండో రోజుకూ కట్టు మార్చాలని కూడా ఆ గ్రంథం చెబుతుంది. ఉక్కకు చెమట, రసి పెరుగుతాయనీ, కట్టు త్వరగా పాడవుతుందనీ గమనించిన వైద్యుడి మాట అది. కట్టు మార్చే గడువును క్యాలెండరు కాక గాయం, వాతావరణం నిర్ణయించాలన్న ఈ మెలకువ ఇవాళ్టి వార్డుల్లోనూ అవసరమే.

చేలోంచి తీసిన పత్తి గాయానికి పనికిరాదు. దాని పోగు మీద సన్నటి మైనపు పొర ఉంటుంది. నీటిలో వేస్తే తేలుతుంది తప్ప తడవదు. క్షారంలో ఉడికించి ఆ మైనాన్ని, తరవాత రంగునూ తీసేస్తే పీల్చే దూది తయారవుతుంది. 19వ శతాబ్దం రెండో సగంలో జర్మన్ శస్త్రవైద్యుడు విక్టర్ ఫాన్ బ్రన్స్ దీన్ని వైద్యంలోకి తెచ్చాడు. 1880లో బర్మింగ్‌హామ్ శస్త్రవైద్యుడు శాంప్సన్ గాంజీ ఈ దూదిని రెండు గాజు పొరల మధ్య పెట్టి కట్టు తయారు చేశాడు. ఆయన పేరుతోనే ఆ మెత్తను ఇప్పటికీ పిలుస్తారు. దూది నాణ్యతను చూసే పరీక్ష ఎంత సులువో చూడండి. తీగ బుట్టలో తూచిన దూదిని కుక్కి నీటి మీద వదులుతారు. 10 సెకన్లలోపు అది మునగాలి. పైకి తీసి నీరు కారనిచ్చి తూస్తే ప్రతి గ్రాము దూది కనీసం 23 గ్రాముల నీరు పట్టి ఉండాలి. మునగడానికి మొరాయించిందంటే మైనం పూర్తిగా పోలేదన్నమాట. మన దేశంలో ఇటువంటి శస్త్రచికిత్స సామగ్రి ప్రమాణాలకు 1945 నాటి ఔషధ నియమాల్లో షెడ్యూల్ ఎఫ్-2 అనే ప్రత్యేక భాగమే ఉంది.

గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ రైతులకు తెలిసిన పత్తి లెక్కంతా పొడుగు పింజ చుట్టూనే తిరుగుతుంది. ఆసుపత్రి దూదికి మాత్రం నూలు మిల్లులో దువ్వినప్పుడు రాలిపోయే పొట్టి పోగులే ఎక్కువగా వెళ్తాయి. గాజు, బ్యాండేజీ గుడ్డ నేతకు దక్షిణాదిలో తమిళనాడులోని రాజపాళయం దగ్గరి ఛత్రపట్టి పేరుపడింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో పత్తి చాలలేదు. తుపాకీ మందుకు కూడా పత్తే కావలసి వచ్చింది. బ్రిటన్‌లో బురదనేలల్లో పెరిగే స్ఫాగ్నమ్ నాచును ఊళ్లకు ఊళ్లు ఏరి, ఆరబెట్టి, సంచుల్లో కుట్టి సైనిక ఆసుపత్రులకు పంపాయి. ఆ నాచు ఆకులోని బోలు కణాలు తమ బరువుకు 20 రెట్ల దాకా నీటిని పట్టుకోగలవు. అమెరికాలో కింబర్లీ-క్లార్క్ సంస్థ కలప గుజ్జు నుంచి సెల్యుకాటన్ అనే మెత్తటి పొరలు చేసింది. గాయాల కోసం వచ్చిన ఈ సరుకును యుద్ధభూమి నర్సులు నెలసరికి వాడుకున్నారు. యుద్ధం ముగిశాక 1920లో అదే కోటెక్స్ పేరుతో బజారులోకి వచ్చింది.

గాజు లోపం దాని గుణంలోనే ఉంది. పీల్చుకున్న రసిని అది పోగుల మధ్యే ఎండబెడుతుంది. ఎండిన రసి, గాయం మీద పుట్టుకొస్తున్న లేత కండ, గాజు రంధ్రాలు ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. మర్నాడు కట్టు విప్పేవారు సెలైన్ పోసి నానబెట్టినా ఎక్కడో ఒకచోట అంటుకునే ఉంటుంది. లాగితే సన్నటి రక్తపు చుక్కలు వరసగా పైకి తేలతాయి. ఆ చుక్క ఒక్కొక్కటీ అప్పుడే మొలిచిన ఒక రక్తకేశనాళిక తెగినందుకు గుర్తు. చచ్చిన కండను తీయడానికని తడి గాజు పెట్టి, ఎండాక పీకే పద్ధతి చాలాకాలం నడిచింది. అది చచ్చినదాన్నీ బతికినదాన్నీ కలిపి పీకుతుంది. కాలిన గాయాలవాళ్లు గాయం కన్నా డ్రెస్సింగ్ వేళకే ఎక్కువ భయపడతారంటే ఆ భయానికి ఇదే కారణం. ఊడిన పోగులు గాయంలో ఉండిపోవడం ఇంకో ఇబ్బంది. ఆపరేషన్‌లో వాడే గాజు ముక్కల్లో ఎక్స్‌రేకి కనబడే దారం నేయడం, కడుపు మూసేముందు వాటిని లెక్కపెట్టడం ఇలాంటి ప్రమాదాల నుంచి పుట్టిన జాగ్రత్తలే.

తడి గాయం సిద్ధాంతం

సెల్యులోజ్‌ను రసాయనికంగా మార్చి గాయానికి వాడిన తొలి ప్రయత్నం కొలోడియన్. నైట్రిక్ ఆమ్లంతో మార్చిన పత్తి పేలుడు పదార్థం అవుతుంది. దాన్ని ఈథర్, ఆల్కహాల్ మిశ్రమంలో కరిగిస్తే పాకంలాంటి ద్రవం వస్తుంది. బోస్టన్‌లో వైద్యం చదువుకుంటున్న జాన్ పార్కర్ మేనార్డ్ దీన్ని గాయానికి పూసి చూశాడు. ద్రావకం ఆవిరైపోయి గాయం మీద పల్చటి, నీరు దూరని పొర మిగిలింది. 1848లో అతను దీన్ని ప్రకటించాడు. చిన్న కోతల మీద పూసుకునే ద్రవ బ్యాండేజీలకు మూలం ఇదే.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్లూమ్ అనే వైద్యుడు ఇటలీలోని యుద్ధ ఖైదీల శిబిరంలో కాలిన గాయాల మీద సెల్లోఫేన్ కాగితం పరిచాడు. సెల్లోఫేన్ అంటే కలప గుజ్జును కరిగించి మళ్లీ పల్చటి రేకుగా గట్టిపరచిన సెల్యులోజ్. దాని కింద గాయం కనబడుతూనే ఉంటుంది, తడి ఆరదు, నొప్పి తగ్గుతుంది. ఈ అనుభవాన్ని ఆయన 1945లో లాన్సెట్ పత్రికలో రాశాడు. కానీ ఎందుకు బాగా మానుతోందన్న ప్రశ్నకు అప్పటికి జవాబు లేదు.

జవాబు 1962లో వచ్చింది. లండన్‌లో జార్జ్ వింటర్ పంది చర్మం మీద పైపై గాయాలు చేసి, కొన్నిటిని గాలికి వదిలాడు, కొన్నిటిని పాలిథీన్ పొరతో మూశాడు. మూసిన గాయాల మీద పైచర్మం రెండింతల వేగంతో పాకింది. గాలికి వదిలిన గాయం మీద చెక్కు కడుతుంది. కొత్త కణాలు ఆ ఎండిన చెక్కు కిందుగా, తడి ఉన్న లోతు దాకా దిగి దారి తొలుచుకుని పోవాలి. తడి ఉంటే పైపైనే సాగిపోతాయి. మరుసటి ఏడాదే హిన్మన్, మైబాక్ మనుషుల్లోనూ ఇదే చూపించారు. "గాలి తగలనివ్వు, ఎండితే మానుతుంది" అనే పెద్దల మాట చిన్న గీరుడుకు నష్టం చేయదు కానీ వెడల్పాటి పుండుకు నష్టమే చేస్తుంది.

గాయం మానే తీరు తెలిస్తే కట్టు పని ఇంకా స్పష్టమవుతుంది. మొదట రక్తం గడ్డకడుతుంది. తరవాత కొన్ని రోజులు వాపు, ఎరుపు. తెల్లరక్తకణాలు వచ్చి క్రిములను, చచ్చిన కణాలను ఏరేస్తాయి. ఆ తరవాత కండ పడుతుంది, పైచర్మం అంచుల నుంచి లోపలికి పాకుతుంది. చివర కొలాజెన్ పోగులు నెలల తరబడి సర్దుకుంటాయి. పూర్తిగా మానిన మచ్చ కూడా అసలు చర్మపు బలంలో 80 శాతాన్ని మించి అందుకోదు. షుగరు పుండు, పడక పుండు, కాలి సిరల పుండు ఈ వరసలో రెండో మెట్టు దగ్గర ఇరుక్కుపోతాయి. వాపు తగ్గదు, ప్రొటీన్లను కోసే ఎంజైములు రసిలో పేరుకుని కొత్తగా పడ్డ కండను తినేస్తుంటాయి.

తడి ఎంత ఉండాలన్నది కూడా లెక్కలోని విషయమే. మామూలు చర్మం నుంచి రోజుకు చదరపు మీటరుకు సుమారు 200 గ్రాముల నీరు ఆవిరవుతుంది. కండ పడుతున్న పచ్చి గాయం నుంచి 5,000 గ్రాముల దాకా పోతుంది. మంచి కట్టు ఈ ఆవిరిని ఆ రెంటికీ నడుమ ఎక్కడో నిలబెట్టాలి.

కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్

తడిని నడుమ నిలబెట్టే పనిలో ఇప్పటిదాకా ఎక్కువగా వాడకంలోకి వచ్చిన సరుకు కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్. సెల్యులోజ్‌ను క్షారంలో నానబెట్టి మోనోక్లోరోఎసిటిక్ ఆమ్లంతో చర్య జరిపిస్తే హైడ్రాక్సిల్ గుంపుల స్థానంలో కార్బాక్సీమిథైల్ గుంపులు చేరతాయి. వాటి రుణావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకోవడంతో గొలుసుల మధ్య ఖాళీ ఏర్పడి నీరు చొరబడుతుంది. ఎన్ని గుంపులు మారాయన్నదాన్ని బట్టి అది నీటిలో పూర్తిగా కరగనూవచ్చు, ఉబ్బి జెల్‌గా ఆగిపోనూవచ్చు. ఐస్‌క్రీముల్లో, టూత్‌పేస్టుల్లో చిక్కదనానికి వేసేదీ ఇదే.

దీన్ని జెలటిన్, పెక్టిన్‌లతో కలిపి రబ్బరులాంటి జిగురులో మేళవించి బిళ్ళగా చేస్తే హైడ్రోకొలాయిడ్ కట్టు అవుతుంది. కడుపు మీద కృత్రిమ మలద్వారం పెట్టినవారికి చుట్టూ చర్మం ఒరుసుకుపోకుండా వాడిన అతుకు నుంచి ఈ ఆలోచన పుట్టింది. 1980ల ఆరంభంలో గాయాల కట్టుగా బజారులోకి వచ్చింది. బిళ్ళను అంటిస్తే వారం దాకా ఉంచవచ్చు, స్నానం చేయవచ్చు. విప్పినప్పుడు కింద పసుపుపచ్చగా, చిక్కగా, వాసన వేసే జిగురు కనబడుతుంది. రోగి ఇంటివాళ్లు చీము పట్టిందని కంగారుపడతారు. సెలైన్‌తో కడిగి చూస్తే కింద ఎర్రటి కండ నిగనిగలాడుతూ ఉంటుంది. ఆ జిగురు కట్టులోని సెల్యులోజ్, రసి కలిసి అయినదే. కట్టు వేసేరోజే ఈ సంగతి చెప్పి పంపడం నర్సు బాధ్యతల్లో ఒకటి. లేకపోతే ఇంటి దగ్గర మధ్యలోనే పీకేస్తారు. అయితే రసి ఎక్కువగా కారే గాయానికి, నిజంగా క్రిమి సోకిన గాయానికి ఇలా గాలి చొరకుండా మూసే బిళ్ళ పనికిరాదు.

రసి ఎక్కువగా ఉండే గాయాల కోసం 1990లలో హైడ్రోఫైబర్ వచ్చింది. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్‌నే నారగా తీసి పొరగా పరుస్తారు. పొడిగా ఉన్నప్పుడు తెల్లటి ఉన్నిలా ఉంటుంది. రసి తగిలిన చోట ప్రతి పోగూ ఉబ్బి, పారదర్శకమైన జెల్‌గా మారుతుంది. దీని గొప్ప గుణం రసిని నిలువునా పైకి పీల్చడం, పక్కలకు పాకనివ్వకపోవడం. దీంతో గాయం అంచుల చర్మం నాని తెల్లబడదు. పీల్చిన రసితోపాటు బ్యాక్టీరియాను, ఎంజైములను కూడా జెల్ తనలో బంధిస్తుంది. గాజుతో పోలిస్తే విప్పేటప్పుడు నొప్పి తగ్గడం రోగికి తెలిసే లాభం. నా దృష్టిలో ఈ ఒక్క లాభమే దీన్ని వాడటానికి చాలినంత కారణం. ఎండిన, నల్లటి చచ్చిన చర్మం ఉన్న పుండుకు మాత్రం పీల్చేది కాదు, నీరిచ్చేది కావాలి. అక్కడ అదే పదార్థం నీటితో కలిపిన గొట్టపు జెల్‌గా పనిచేస్తుంది.

ఆక్సీకరించిన సెల్యులోజ్

ఒంట్లో కరగని సెల్యులోజ్‌ను కరిగేలా చేసింది ఈస్ట్‌మన్ కోడక్ ప్రయోగశాలలోని యాకెల్, కెన్యన్‌ల పని. నైట్రోజన్ డైఆక్సైడ్‌తో ఆక్సీకరిస్తే గ్లూకోజ్ మీది ఒక హైడ్రాక్సిల్ గుంపు కార్బాక్సిల్ ఆమ్లంగా మారుతుందనీ, ఆ సెల్యులోజ్ పల్చటి క్షారంలో కరుగుతుందనీ వారు 1942లో ప్రకటించారు. ఆ మరుసటి ఏడాది కొలంబియా విశ్వవిద్యాలయ శస్త్రవైద్యురాలు వర్జీనియా నీలాండ్ ఫ్రాంట్జ్ దీన్ని రక్తస్రావం ఆపే, ఒంట్లో ఇంకిపోయే గాజుగా పరీక్షించి చూపింది. తరవాతి రూపంలో ముందు రేయాన్‌లా పునరుత్పత్తి చేసిన సెల్యులోజ్‌ను అల్లి, దాన్ని ఆక్సీకరించారు. 1960 నాటి నుంచి సర్జిసెల్ పేరుతో ఆపరేషన్ గదుల్లో ఉన్నది ఇదే.

కారుతున్న చోట ఈ అల్లికను ఒత్తి పట్టుకుంటే రక్తం తగిలి నల్లబడి, జిగటగా మారి గడ్డకు ఆధారమవుతుంది. ఆమ్ల గుణం వల్ల బ్యాక్టీరియా పెరుగుదలనూ అడ్డుకుంటుంది. అదే ఆమ్లం రక్తాన్ని గడ్డకట్టించే త్రాంబిన్ ఎంజైమును పనిచేయకుండా చేస్తుంది. అందుకే దీన్ని త్రాంబిన్‌లో ముంచి వాడకూడదు. 7 నుంచి 14 రోజుల్లో చాలావరకు ఇంకిపోతుంది. ఈలోగా ఉబ్బుతుంది కాబట్టి వెన్నుపాము దగ్గర, కంటి నాడి దగ్గర, ఎముక ఇరుకుల్లో వదిలేస్తే నాడిని నొక్కే ప్రమాదం ఉంది. రక్తం ఆగాక తీసేయాలి.

ఇదే పదార్థం 45 పాళ్లు, కొలాజెన్ 55 పాళ్లు కలిపి గడ్డకట్టించి ఆరబెట్టిన కట్టు మానని పుండ్ల కోసం వచ్చింది. రసిలోని విధ్వంసక ఎంజైములను తన వైపు లాక్కుని కొత్త కండను కాపాడుతుందన్నది దీని వెనక తర్కం. షుగరు పుండ్లున్న 276 మంది మీద జరిగిన పరీక్ష 2002లో వెలువడింది. 12 వారాల్లో ఈ కట్టు వేసినవారిలో 37 శాతానికి, తడి గాజు వేసినవారిలో 28.3 శాతానికి పుండు పూర్తిగా మూసుకుంది. తేడా కనబడుతోంది, కానీ గణాంకపరంగా యాదృచ్ఛికం అని కొట్టిపారేయడానికి వీల్లేనంత పెద్దది కాదు. ప్రయోగశాలలో ముచ్చటగా పనిచేసిన తర్కం రోగి పాదం దగ్గర ఎంత పల్చబడుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

బ్యాక్టీరియా అల్లే సెల్యులోజ్

సిర్కా పులిసే తొట్టె మీద దళసరి మీగడలాంటి పొర కడుతుంది. 1886లో ఇంగ్లండ్‌లో ఏడ్రియన్ జాన్ బ్రౌన్ ఆ పొర సెల్యులోజ్ అనీ, దాన్ని ఒక బ్యాక్టీరియా తయారు చేస్తోందనీ నిరూపించాడు. ఇప్పుడు దాని పేరు కొమగాటైబాక్టర్ జైలినస్. ఫిలిప్పీన్స్‌లో కొబ్బరి నీళ్లను పులియబెట్టి చేసే నాటా దె కోకో మిఠాయి, కొంబుచా టీ మీద తేలే తెట్టె ఈ కుటుంబం చేతిపనే.

ఈ సూక్ష్మజీవి ఒంటి పొడవునా వరసగా సన్నటి రంధ్రాలు ఉంటాయి. ఒక్కో రంధ్రం నుంచి సెల్యులోజ్ గొలుసులు బయటికొచ్చి, పక్కవాటితో కలిసి రిబ్బనుగా పేనుకుంటాయి. ఒక్క కణం గంటకు దాదాపు 10 కోట్ల గ్లూకోజ్ అణువులను గొలుసుకు చేర్చగలదని లెక్క. గాలి కోసం పైకి తేలుతూ ఉంటుంది కాబట్టి ఆ రిబ్బన్లన్నీ ద్రవం ఉపరితలం మీద పొరగా పేరుకుంటాయి. ఈ తయారీని ఎలా అదుపు చేసుకుంటుందో వెతుకుతూ జెరూసలేంలో మోషె బెంజిమన్ బృందం 1987లో సైక్లిక్ డైజీఎంపీ అనే సంకేత అణువును కనిపెట్టింది. బ్యాక్టీరియా ఒంటరిగా ఈదాలా, గుంపుగా పొర కట్టి స్థిరపడాలా అన్నది ఈ అణువు నిర్ణయిస్తుందని తరవాత తేలింది. మానని పుండ్లను పట్టి పీడించే ఇలాంటి బ్యాక్టీరియా పొరల, అంటే బయోఫిల్మ్‌ల అధ్యయనానికి అది కీలకమైంది.

తయారీలో ఆర్భాటం లేదు. 1954లో హెస్ట్రిన్, ష్రామ్ ఇచ్చిన పోషక ద్రావణమే ఇప్పటికీ ప్రమాణం. గ్లూకోజ్ 2 శాతం, పెప్టోన్, ఈస్ట్ సారం అర శాతం చొప్పున, కొంచెం ఫాస్ఫేట్, సిట్రిక్ ఆమ్లం. వెడల్పాటి పళ్ళెంలో పోసి, బ్యాక్టీరియాను విత్తనంగా వేసి, 30 డిగ్రీల దగ్గర కదపకుండా ఉంచాలి. రెండు మూడు రోజులకు ఉపరితలం మసకబారుతుంది. వారం పది రోజులకు చేత్తో ఎత్తగలిగిన పొర తయారవుతుంది. లేత కొబ్బరిలా జారుతూ, వేళ్ల మధ్య నొక్కితే నీరు కారుతూ ఉంటుంది. దాని బరువులో 99 శాతం దాకా నీరే. మిగిలిన ఒక శాతం 20 నుంచి 100 నానోమీటర్ల మందం గల పోగుల వల. పత్తి పోగు దీనికన్నా వందల రెట్లు లావు. తరవాత పల్చటి సోడియం హైడ్రాక్సైడ్‌లో కాచి బ్యాక్టీరియాను, వాటి విషాలను పూర్తిగా పోగొట్టాలి. ఈ మెట్టులో అశ్రద్ధ చేస్తే మిగిలిపోయే ఎండోటాక్సిన్ గాయంలో మంట పుట్టిస్తుంది. లిగ్నిన్, హెమిసెల్యులోజ్ మొదటి నుంచీ లేవు కాబట్టి శుద్ధి అయిన పొర దాదాపు నికార్సైన సెల్యులోజ్.

వల కన్నాలు బ్యాక్టీరియా కన్నా చిన్నవి కావడంతో బయటి క్రిములు చొరబడటం కష్టం. పొర పారదర్శకం కాబట్టి విప్పకుండానే గాయాన్ని చూడవచ్చు. ముక్కు మడతల్లో, వేళ్ల సందుల్లో తడి కాగితంలా ఒదుగుతుంది. తడి పొర వేయగానే నొప్పి తగ్గుతుందని వాడిన వైద్యులు పదేపదే రాశారు. బ్రెజిల్‌లోని కురితీబాలో 1980లలో దీన్ని బయోఫిల్ పేరుతో తాత్కాలిక చర్మంగా తయారు చేశారు. 1990లో వచ్చిన పత్రం ఆ అనుభవాన్ని ప్రపంచానికి చెప్పింది. పోలండ్‌లోని సీమియానోవిట్సె కాలిన గాయాల కేంద్రంలో ముఖం, చేతులు కాలినవారికి ఈ పొరలు కప్పి మంచి ఫలితాలు చూశారు. యూరప్‌లో ఇప్పుడు ఇలాంటి కట్లు పుండ్లకూ, కాలిన గాయాలకూ అమ్మకంలో ఉన్నాయి.

ఇన్ని గుణాలున్నా ప్రతి ఆసుపత్రికీ ఎందుకు చేరలేదంటే, ప్రధానంగా ధర వల్ల. పళ్ళేల్లో కదపకుండా పెంచాలి, అంటే చోటు కావాలి, రోజులు కావాలి. పెద్ద తొట్టెల్లో కలియబెడితే పొరకు బదులు గుళికలు వస్తాయి, సెల్యులోజ్ చేయలేని రకాలు తలెత్తి దిగుబడిని తినేస్తాయి. ఇంకో చిక్కు ఎండబెట్టడంలో ఉంది. ఒకసారి మామూలుగా ఎండిన పొరలో పోగులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మళ్లీ నీటిలో వేసినా మునుపటంతగా ఉబ్బదు. తడిగానే ప్యాక్ చేయాలి, లేదా గడ్డకట్టించి ఆరబెట్టాలి. రెండూ ఖర్చే.

కలప నుంచి నానో పోగులు

చెట్టు నుంచే నానో పోగులు తీయగలిగితే పళ్ళేల బెడద ఉండదు. టోక్యో విశ్వవిద్యాలయంలో అకిరా ఇసోగాయ్, సైటో అనే పరిశోధకులు టెంపో అనే ఉత్ప్రేరకంతో పోగుల ఉపరితలాన్ని ఆక్సీకరించి, 3-4 నానోమీటర్ల మందానికి సులువుగా విడదీశారు. మరో పరిశోధకుడు నిషియామాతో కలిపి వారికి 2015లో మార్కస్ వాలెన్‌బర్గ్ బహుమతి వచ్చింది. ఫిన్లండ్‌లో బర్చ్ కలప గుజ్జు నుంచి తీసిన నానో పోగుల కట్టును హెల్సింకీ కాలిన గాయాల కేంద్రంలో, చర్మం అంటుకట్టడానికి తొడ నుంచి పొర తీసిన చోట వేసి చూశారు. 2016లో ప్రచురించిన ఆ తొలి పరీక్షలో రోగులు 9 మందే. కింద చర్మం పాకిన కొద్దీ కట్టు అంచుల నుంచి దానంతటదే ఊడి వచ్చింది. విప్పే అవసరమే రాని కట్టు కాబట్టి చిన్న సంఖ్య అయినా ఇది శ్రద్ధగా చూడవలసిన ఫలితం.

క్రిములను చంపే కలయికలు

సెల్యులోజ్‌కు క్రిములను చంపే గుణం లేదు. నీరు నిండిన వల కాబట్టి వాటికి ఆశ్రయం కూడా ఇవ్వవచ్చు. అందుకే వెండి అయాన్లు, పీహెచ్ఎంబీ అనే క్రిమినాశకం, అయొడిన్, తేనె, కైటోసాన్ వంటివాటిని అందులో నింపుతారు. పరిశోధన పత్రాల్లో ఎక్కువ పోటీ ఉన్న చోట్లలో ఇదొకటి. మన దేశంలో పసుపులోని కర్క్యుమిన్‌ను, పల్లెల్లో గాయపాకు అని నలిపి పెట్టే గడ్డిచేమంతి సారాన్ని కూడా సెల్యులోజ్ పొరల్లో నింపి చూస్తున్నారు. కర్క్యుమిన్ నీటిలో కరగదు కాబట్టి తడి గాయానికి దాన్ని అందించడానికి నానో పోగుల వల మంచి వాహకమే. అయితే ఇలాంటి పనిలో అధికభాగం పెట్రి పళ్ళెం దగ్గరో, ఎలుక వీపు దగ్గరో ఆగిపోతోంది. ఎలుక చర్మం ముడుచుకుని మూసుకుంటుంది, మనిషి చర్మం ప్రధానంగా కండ పట్టి, పైచర్మం పాకి మానుతుంది. ఎలుకలో పదో రోజుకు మూసుకున్న గాయాన్ని చూసి మనిషి పుండుకు హామీ ఇవ్వలేం.

వెండి విషయంలో మరింత నిగ్రహం అవసరం. క్రిములను చంపే మోతాదులో అది చర్మ కణాలను కూడా బాధిస్తుంది. గాయాలకు క్రిమి సోకకుండా వెండి కట్లు కాపాడతాయా అని, వైద్య పరీక్షల ఫలితాలను కూర్చి చూసే కొక్రేన్ సమీక్ష 2010లో పరిశీలించి, చాలినంత ఆధారం లేదని తేల్చింది. సోకిన గాయానికి కొద్ది కాలం వేయడం వేరు, సోకకముందే ప్రతి గాయానికీ వేయడం వేరు.

వాడుక, ఎంపిక

షుగరు పుండ్లకు హైడ్రోకొలాయిడ్ కట్టు మామూలు కట్ల కన్నా మెరుగని 2013 కొక్రేన్ సమీక్షలోనూ తేలలేదు. దీన్ని బట్టి ఆధునిక కట్లు వృథా అనుకోకూడదు. మానే వేగం ఒక్కటే కొలిస్తే తేడా తక్కువే. నొప్పి, కట్టు మార్చే లెక్క, నర్సు సమయం, పని మానుకుని ఆసుపత్రికి వచ్చే కూలి మనిషి పోగొట్టుకునే రోజులు కూడా కొలిస్తే తూకం మారుతుంది. రోజూ మార్చే చవక గాజు కన్నా వారానికొక్కసారి మార్చే ఖరీదైన కట్టు మొత్తం మీద తక్కువ ఖర్చు కావచ్చు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగరు రోగులు 10 కోట్లకు పైనే. పాదపు పుండ్లు ఎన్ని రాగలవో ఊహించవచ్చు. ఇటువంటి లెక్కతో మన ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే పరీక్షలు జరగడం చాలా అవసరం.

చవకలో వెతికిన దారుల్లో ముంబయి శస్త్రవైద్యుల పని గుర్తుపెట్టుకోదగ్గది. కాలిన గాయాల మీద వాళ్లు 1980లలో ఉడికించిన బంగాళాదుంప తొక్కలను గాజుకు అతికించి వేశారు. 2000 తర్వాత ఆవిరితో శుద్ధి చేసిన అరిటాకులను వేశారు. ఆకు మీది మైనం గాయానికి అంటుకోదు, కింద తడి నిలుస్తుంది, సెల్యులోజ్ ఈనెల బలం వల్ల చినగదు. విప్పేటప్పుడు నొప్పి ఉండదు. దూది నుంచి తీసేయాల్సిన మైనమే ఇక్కడ మందైంది. ఇంటి పెరట్లో కోసిన ఆకును అలాగే గాయానికి కట్టుకోవడం మాత్రం దీనితో సమానం కాదు. శుద్ధి చేయడంలోనే ఉంది పనంతా.

ఎంపికలో మొదట చూడవలసింది రసి. ఎక్కువగా కారుతుంటే హైడ్రోఫైబర్, కొద్దిగా ఉంటే హైడ్రోకొలాయిడ్, ఎండి ఉంటే జెల్, పైపైన కాలితే బ్యాక్టీరియా సెల్యులోజ్ పొర. లోతు గుంతలో వదులుగా నింపాలే తప్ప కుక్కకూడదు. అరికాలి పుండు మీద ఎంత మంచి కట్టు వేసినా రోగి దాని మీదే నడుస్తుంటే మానదు. పాదం మీద భారం పడకుండా ప్రత్యేక చెప్పు గానీ, సిమెంటు కట్టు గానీ వేశాకే డ్రెస్సింగ్ గురించి మాట్లాడాలి. కాలి సిరల పుండుకు పైనుంచి ఒత్తిడి కట్టు కావాలి. రక్తప్రసరణ ఆగి ఎండి నల్లబడిన వేలి మీద ఈ తడి సిద్ధాంతం వర్తించదు. దాన్ని తడిపితే క్రిమి సోకి పైకి పాకుతుంది. పొడి గాజు చుట్టి, పొడిగానే ఉంచి, ఆలస్యం చేయకుండా రక్తనాళాల శస్త్రవైద్యుడి దగ్గరికి పంపాలి.